పెయింటు గీకని చోటు

మా నాన్న నలభయ్యో రోజు ఫాతెహాకి పిలిచినవాళ్ళంతా వచ్చి, తిని, దువా చేసి వెళ్ళిపోయాక, పిలవని మనిషి ఒకాయన గేటు దగ్గర చెప్పులు విప్పుతూ కనిపించాడు. తెల్ల పంచె మోకాళ్ళ దాకా తడిసి ఉంది. వాన పడితే పటమటలో మా సందు పంటకాలవ అయిపోతుంది కాబట్టి అందులో వింతేమీ లేదు. చేతిలో గుడ్డ సంచీ. మనిషి కన్నా ముందు ఎండు రొయ్యల వాసన వరండాలోకి వచ్చింది. ఆ వాసన పట్టుకునే గుర్తుపట్టాను, పోలయ్య అని. చూసి ఏడెనిమిదేళ్ళయింది. బుగ్గలు లోపలికి పోయాయి, నడుం వంగింది, గొంతు మాత్రం ఏటికి అవతలున్న మనిషిని పిలిచే గొంతే. మేమెవరమూ కబురు చేయలేదు. చేపల లోడుతో ఆటోనగర్ వచ్చిన డ్రైవరెవరో చెబితే, నాగాయలంకలో బస్సెక్కి నేరుగా వచ్చేశాడు.

"సావింటికి వట్టి సేతుల్తో రావాలంటారు. కానీ సాయిబుగారికి ఇయ్యంటే పేణం గదమ్మా," అని సంచీ నా చేతిలో పెట్టి మెట్టు మీద కూర్చున్నాడు. కుర్చీ చూపిస్తే వద్దన్నాడు. నేనూ గడప మీద కూర్చున్నాను. ఇద్దరం కాసేపు వాన గురించి, రొయ్యల చెరువుల గురించి, నాన్న చివరి రోజుల గురించి మాట్లాడుకున్నాం. మా ఇద్దరి మధ్యా ఒక రోజుంది. ఆ రోజు ఊసు మాత్రం ఇద్దరమూ ఎత్తలేదు. పాలిటెక్నిక్‌లో ఎలక్ట్రానిక్స్ చెప్పి రిటైరైనదాన్ని. ఎర్త్ పాఠం వచ్చినప్పుడల్లా ఆ రోజు కథ పిల్లలకి చెప్పేదాన్ని. చెప్పిన ప్రతిసారీ అందులో ఒక ముక్క మింగేశాను. ఇక్కడ మింగను.

మా నాన్న మస్తాన్ ఆటోనగర్‌లో ఆటో ఎలక్ట్రీషియన్. ఆయన చొక్కాలన్నిటికీ బ్యాటరీ యాసిడ్ పడి చిల్లులుండేవి. వాటిని మా బట్టలతో కలిపి నానబెడితే అమ్మ ఊరుకునేది కాదు, వాటికో వేరే బకెట్టు. సాయంత్రం ఇంటికి రాగానే పెరట్లో నిలబడి ముందు కిరసనాయిలు గుడ్డతో, తరవాత రంపపు పొట్టుతో, ఆ తరవాత సబ్బుతో చేతులు కడిగేవాడు. కడిగిన చేతులు ముక్కు దగ్గర పెట్టుకుని, "ఇంకా వాసనొస్తోందా?" అని అమ్మని అడిగేవాడు. నిన్ను చేసుకున్నప్పుడే నా ముక్కు పోయింది, నన్నడిగితే ఏం లాభం అని ఆవిడ. ఇది రోజూ ఉండేది. ఇంట్లో మాది ఉర్దూ కలిసిన తెలుగో, తెలుగు కలిసిన ఉర్దూనో తేల్చుకోలేని భాష. ఆయన్ని అబ్బా అనేవాళ్ళం. సీసం కరిగించేటప్పుడు లేచే ఆ తియ్యటి పొగ వాసన ఆయన లుంగీల్లో, దిండుగలీబుల్లో కూడా ఉండేది. ఇప్పటికీ ల్యాబులో ఎవరన్నా సోల్డరింగ్ మొదలుపెడితే నాకు ఆకలేస్తుంది, ఎందుకంటే ఆ వాసన ఇంట్లోకి రావడమంటే అన్నాల వేళ అయిందని గుర్తు.

పనిలో ఆయనకి ఒకటే మంత్రం, ఎర్త్. కరెంటు పోయే దారి ఎవడైనా చూస్తాడు, అది తిరిగొచ్చే దారి చూసేవాడే మెకానిక్ అనేవాడు. బండి ఒంటికి వైరు బిగించే ముందు అక్కడి పెయింటు గీకి, తుప్పు గీకి, రేకు తెల్లగా మెరిసేదాకా వదిలేవాడు కాదు. మస్తాన్ చేసిన పనికి రెండో చూపు అక్కర్లేదని ఆటోనగర్‌లో అందరూ అనేవాళ్ళు. ఆ మాటే ఆయన్ని పాడు చేసిందేమో. ఒకసారి పక్క షెడ్డు ఆయన, లారీకి వేసిన వైరింగులో ఒక లైను తేడాగా ఉంది చూడు భాయ్ అన్నందుకు, మొత్తం లారీ వైరింగు ఊడదీసి మళ్ళీ వేశాడు. తేడా నిజమే. కానీ ఆ పక్క షెడ్డు ఆయనతో రెండేళ్ళు మాట్లాడలేదు. ఇంట్లో మాకూ ఆ సంగతి తెలుసు. నాన్న పనిలో తప్పు కనిపిస్తే నలుగురిలో అనకూడదు, ఆయన మొహం మీద అసలు అనకూడదు. అమ్మకి చెప్పాలి. ఆవిడ అన్నం వడ్డిస్తూ, మామూలుగా ఏదో అడిగినట్టు అడుగుతుంది. ఆయన తినేసి, ఏమీ విననట్టు లేచి వెళ్ళి సరిచేసుకుంటాడు. మా ఇంట్లో తప్పులన్నీ అలా దొడ్డిదారినే బయటికి పోయేవి.

నాకు రేడియో పిచ్చి పట్టించింది మా కాలేజీ ఫిజిక్స్ లెక్చరర్ సుందరంగారు. ఫోన్లు, తీగలు లేకుండా సొంత రేడియో సెట్టుతో ఎక్కడివాళ్ళతోనైనా మాట్లాడే హామ్ రేడియో క్లబ్బు ఒకటి ఆయన కాలేజీ మేడ మీద నడిపేవారు. పరీక్ష రాసి లైసెన్సు తెచ్చుకున్న మొదటి ఆడపిల్లని నేనే. నాన్న ఒకసారి వచ్చి ఆ గది చూసి, వైర్లు చీరకుచ్చిళ్ళలా వేలాడుతున్నాయని విసుక్కుని, మరుసటి ఆదివారం టూల్ బాక్స్ తెచ్చి అన్నీ బిగించి వెళ్ళాడు. మెచ్చుకోవడం ఆయనకి అలాగే వచ్చు.

ఆ ఏడాది తుఫాను తీరం వైపు తిరిగిందన్నప్పుడు, సముద్రం వైపు ఊళ్ళలో ఫోన్లు పోతే కబురందించడానికి ఏదైనా బండిలో ఒక స్టేషన్ పెట్టగలరా అని అధికారులు క్లబ్బుని అడిగారు. మగపిల్లలిద్దరు అప్పటికే బందరు వైపు వెళ్ళారు. మిగిలిన లైసెన్సు నాది. బండి పోలయ్యది. ఆయనది ఏటిపాయల మధ్య ఉన్న ఒక లంక. ఆ లంక పేరు రాయను, అక్కడివాళ్ళకి తెలుసు. తన పికప్‌లో రోజూ చేపలూ రొయ్యలూ బెజవాడ తెచ్చేవాడు, ఆ బండికి పని ఏదొచ్చినా నాన్న షెడ్డుకే. తన తల్లీ, తనవాళ్ళూ అటే ఉన్నారు కాబట్టి నేనే తీసుకెళ్తానన్నాడు. పెళ్ళికాని పిల్లని ఒంటరిగా పంపేది లేదని అమ్మ అంటే, నేను వెళ్తున్నానుగా అన్నాడు నాన్న.

పొద్దున్నే షెడ్డులో పని మొదలైంది. ఆకాశం గోనెసంచీ రంగులో ఉంది, గాలి రేకుల్ని టపటపా కొడుతోంది. సెట్టు క్యాబిన్లో పెట్టి, బ్యాటరీ నుంచి నేరుగా రెండు లావు వైర్లు లాగి, ఫ్యూజులు వేసేదాకా నాన్న చేతికి అడ్డు లేదు. చిక్కంతా ఏరియల్ దగ్గర వచ్చింది. మనిషిన్నర పొడవున్న కడ్డీ అది. దాన్ని పట్టుకునే ఇనుప బ్రాకెట్టు బండి ఒంటికి గట్టిగా, లోహానికి లోహం తగిలేలా బిగించాలి. అప్పుడే బండి మొత్తం దానికి ఎర్త్ అవుతుంది. లేకపోతే మనం వింటాం గానీ, మన మాట ఎవరికీ చేరదు. క్యాబిన్ పైకప్పు పల్చన, వెనక అడుగంతా చెక్క. గట్టిగా నిలిచే చోటు ఒక్కటే, క్యాబిన్ వెనక నిలువు రేకు, దాని కుడి మూల. ఆ రేకు నిండా అంతకు ముందు వారమే రాయించిన పేరుంది. ఎర్రటి అక్షరాలతో, అటూ ఇటూ తామరపువ్వులతో, తులసి అని. జ్వరంతో పోయిన పోలయ్య కూతురి పేరు. కుడి మూలన ఉన్నది చివరి అక్షరమూ, పక్కన పువ్వూ.

 పోలయ్య ఆ రేకు మీద అరచెయ్యి ఆనించి నిలబడ్డాడంతే. నాన్న గీకుడు బిళ్ళ తీసి ఆ అక్షరం మీద పెట్టాడు, ఒక క్షణం ఆగాడు, తీసి జేబులో వేసుకున్నాడు. బ్రాకెట్టుని పెయింటు మీదే పెట్టి, పాత బోల్టు కన్నాల్లోకే బిగించాడు. చుట్టూ నలుగురైదుగురు మెకానిక్కులు నిలబడి చూస్తున్నారు. నేను క్యాబిన్ పక్కన ఫ్యూజు పట్టుకుని నిలబడి ఆ పని మొదటి నుంచి చివరి దాకా చూశాను. గీకలేదని చూశాను. నాన్న తలెత్తి నా వైపు చూస్తే తల దించేసుకున్నాను. సెట్టులో కాలేజీని పిలిచి పరీక్ష చేస్తే, బ్రహ్మాండంగా వినిపిస్తోందమ్మా అన్నారు సుందరంగారు. ఆటోనగర్ నుంచి కాలేజీ ఎంత దూరమని, గొడుగుపుల్ల కట్టినా వినిపిస్తుంది. ఏరియల్ పంపలేక వెనక్కి తోసేసిన శక్తిని చూపే చిన్న మీటరు ఒకటి సెట్టు పక్కన ఉంది. దాని ముల్లు ఉండాల్సిన దానికన్నా పైన ఉంది. చుట్టూ ఇనుప షెడ్లున్నాయి, అందుకేలే అని నాకు నేనే చెప్పుకున్నాను. చదువుకున్న బుద్ధి అబద్ధానికి కూడా చక్కగా కారణం వెతికిపెడుతుంది.

ఉయ్యూరు, పామర్రు దాటి కూచిపూడి మీదుగా వెళ్తుంటే రోడ్డు మీద మేం తప్ప అన్నీ ఎదురొచ్చే బండ్లే. పిల్లల్ని, మేకల్ని, సైకిళ్ళని ఎక్కించుకుని ట్రాక్టర్లన్నీ ఇటు వస్తున్నాయి. పోలయ్య స్టీరింగ్ దగ్గర, మధ్యలో నాన్న, కిటికీ వైపు ఒళ్ళో సెట్టుతో నేను. అరటితోటలు అప్పటికే ఒక పక్కకి ఒరిగాయి. రేడియోలో మిగతా స్టేషన్ల మాటలు గంట కొట్టినట్టు వినిపిస్తున్నాయి. అవి అంత స్పష్టంగా వినిపిస్తుంటే నాకు ధైర్యం రావాలి. రాలేదు. మోపిదేవి దాటాక ఒకసారి పిలిచాను. జవాబు లేదు. కంట్రోల్లో, అంటే మా కాలేజీ గదిలో, సుందరంగారు వేరే వాళ్ళతో మాట్లాడుతున్నారు, పని ఒత్తిడిలే అనుకున్నాను. నాన్న ఏమీ అడగలేదు. మామూలుగా అయితే, ఏమైంది అని పదిసార్లు అడిగే మనిషి.

మేం ఆగాల్సింది ఏటి ఒడ్డున. లంకలోకి ఒక చప్టా ఉంది, పాయ నీటికి అరచేతి ఎత్తున కట్టిన సిమెంటు దారి. లంకవాళ్ళని ముందు రోజే అధికారులు ఈ ఒడ్డుకి తెచ్చి లెక్క రాసుకున్నారు. ఒడ్డున మనిషన్నవాడు లేడు. పోలయ్య బండి దిగి నీటి వైపు చూసి, వెంటనే వెనక్కి వచ్చాడు.  నిన్న వచ్చినవాళ్ళ పడవలు ఈ ఒడ్డున కట్టేసి ఉండాలి, ఒక్కటీ లేదు. అంటే పొద్దున్నే మళ్ళీ లంకలోకి వెళ్ళిపోయారన్నమాట. ఎందుకని నేనడిగితే, వలలమ్మా అన్నాడు. వల ఆరుబయట వదిలి వచ్చినవాడికి ఒడ్డున నిద్ర పట్టదు. అది వాళ్ళ తప్పో, బతుకో నేను చెప్పలేను. అరగంటలో ఎక్కించుకుని వచ్చేద్దాం అన్నాడు. కదిలే ముందు, ఫలానా చోటికి వెళ్తున్నామని కంట్రోల్‌కి చెప్పడం నా పని. రెండుసార్లు పిలిచాను. జవాబు లేదు. పోలయ్య ఇంజను ఆపలేదు, నేను ఆగమనలేదు. చప్టా మీద నీళ్ళు అప్పటికే చక్రాల అంచులు తడుపుతున్నాయి.

లంకలో బడి గుట్ట మీద ఉంది, ఉన్నంతలో అదే ఎత్తు. మగవాళ్ళు వలలు చుట్టి దూలాలకు కడుతున్నారు, ఆడవాళ్ళు పిల్లల్ని పొదువుకుని అరుగు మీద కూర్చున్నారు. పోలయ్య తల్లి, గవ్వలాంటి ముసలమ్మ, ఒక మేకపిల్లని ఒళ్ళో పెట్టుకుని కొడుకుని చూసి తిట్లు లంకించుకుంది, నువ్వెందుకొచ్చావురా ఈ గాలిలో అని. అందరినీ పోగుచేసి, మేకల్ని వదిలేయమని బతిమాలి, మొదటి విడత ఆడవాళ్ళని బండెక్కించి వెనక్కి తిరిగేసరికి చప్టా లేదు. ఉన్న చోట నీళ్ళు మెలితిరుగుతున్నాయి, వాళ్ళ చిన్న పడవలు అందులో నిలవవు. వానలో గాలి చప్పుడు కాదు, ఎవరో పెద్ద గుడ్డ చింపుతున్నట్టు ఒక చప్పుడు. మధ్యాహ్నం పోటుకి సముద్రం పైకొస్తుందని, వస్తే బడి మెట్లు కూడా ఆగవని పోలయ్య మామూలుగా చెప్పాడు.  నాగాయలంకలో రెండు మరబోట్లున్నాయని, అవి ఒక్కసారి వస్తే చాలని అక్కడందరికీ తెలుసు. మేం అక్కడున్నామని ఆ బోట్ల వాళ్ళకి తెలియాలి, అంతే.

బండిని బడి పక్కకి చేర్చి సెట్టు వేశాను. కంట్రోల్ నుంచి సుందరంగారి గొంతు నిదానంగా ఊళ్ళ జాబితా చదువుతోంది. ఏ ఊరు ఖాళీ అయింది, ఎక్కడ ఇంకా జనం ఉన్నారు. మా లంక పేరు వచ్చింది. ఖాళీ అయింది అన్నారు. ఆ తరవాత, కాబట్టి అక్కడి కోసం ఉంచిన రెండు బోట్లనూ దివిసీమ పడమటి ఊళ్ళకి పంపేయవచ్చు అన్నారు. మైకు నొక్కి అరిచాను. మేం ఇక్కడున్నాం, లంకలో జనం ఉన్నారు, బోట్లు పంపొద్దు. వదిలాను. అవతల ఇంకెవరో, అలాగేనండీ, బోట్లకి చెబుతాం అంటున్నారు. మళ్ళీ నొక్కాను. మళ్ళీ. ఇరవై గజాల దూరంలో కిటికీ అవతల కూర్చుని మాట్లాడుకుంటున్నట్టుంది, కిటికీ మాత్రం తెరుచుకోదు. మీటరు ముల్లు చివరి గీత దగ్గర నిలబడి ఉంది. మా గొంతులో సగానికి పైగా ఏరియల్ దాకా వెళ్ళి వెనక్కి వచ్చేస్తోంది. అప్పటికిక నాకు చుట్టూ ఇనుప షెడ్లు లేవు.

నాన్న పక్కనే ఉన్నాడు. ముల్లునీ, నన్నూ చూస్తున్నాడు. పోలయ్య కిటికీలోంచి తల లోపలికి పెట్టి, ఏవైందమ్మా, వినపడతందా వాళ్ళకి అన్నాడు. ఆయన వెనక అరుగు మీద ఆడవాళ్ళంతా నా వైపే చూస్తున్నారు. ఇక్కడ అమ్మ లేదు, అన్నం పళ్ళెం లేదు, దొడ్డిదారి లేదు. ఇరవై ఏళ్ళ బతుకులో మొదటిసారి మా నాన్న చేసింది తప్పు అని పరాయివాళ్ళ ముందు, ఆయన మొహం మీద చెప్పాల్సొచ్చింది. 

"అబ్బా, ఎర్త్ లేదు. ఏరియల్ కింద పెయింటు గీకాలి."

ఆయన నన్ను కొట్టినా అంత భయపడి ఉండేదాన్ని కాదు. ఏమీ అనలేదు. జేబులోంచి పొద్దున వేసుకున్న గీకుడు బిళ్ళ తీసి, స్పానర్ తీసుకుని వానలోకి దిగాడు. బ్రాకెట్టు విప్పి పక్కన పెట్టాడు. రేకు మీద ఎర్రక్షరం తడిసి మెరుస్తోంది. బిళ్ళ ఆనించాడు గానీ చెయ్యి కదలలేదు. పోలయ్య వచ్చి చెయ్యి పట్టుకున్నాడు. వద్దంటాడనుకున్నాను. నిజంగా వద్దంటాడనే అనుకున్నాను, అంటే ఏం చేయాలా అని కూడా ఆలోచించాను.

"నువ్వొద్దు సాయిబుగారూ. దానికి తండ్రిని నేను," అన్నాడు. బిళ్ళ తీసుకుని నా వైపు తిరిగాడు. పోలయ్యకి చదువు రాదు. "ఎంత మేర పోవాలో సెప్పమ్మా."

అరచెయ్యంత అన్నాను. చివరి అక్షరమూ, పువ్వులో సగమూ అన్నాను. గీకడం మొదలుపెట్టాడు. అంత కొత్త పెయింటు ఊరికే రాదు. ఎర్రటి పొడి వాన నీళ్ళలో కలిసి రేకు మీదుగా కారుతుంటే ఆయన ఒక్కసారి కూడా ఆగలేదు, కళ్ళు తుడుచుకోలేదు, వానలో తుడుచుకుని లాభమూ లేదు. లోపల్నుంచి సుందరంగారి గొంతు బోట్లు బయల్దేరుతున్నాయా అని అడుగుతోంది. నాన్న పోలయ్య భుజం మీంచి వంగి రేకుని వేలితో తడిమి, ఇంకా, ఇంకా కొంచెం, ఆ మూల, అంటున్నాడు. రేకు తెల్లబడింది. బ్రాకెట్టు పెట్టి నాన్న బిగించాడు. స్పానర్ మీద ఆయన బరువంతా వేసి, పళ్ళు కొరుకుతూ బిగించాడు. నేను క్యాబిన్లోకి పరిగెత్తి మైకు నొక్కాను. ముల్లు కిందికి పడింది.

పిలిచాను. అవతల నిశ్శబ్దం. ఆ నిశ్శబ్దం ఎంతసేపో నాకు తెలియదు, నాన్న మాత్రం తరవాత, రెండు ఊపిరులంత అనేవాడు. అప్పుడు సుందరంగారు, ఎవరది, షమీమ్, నువ్వేనా, ఎక్కడున్నావు అన్నారు. చెప్పాను. లంక పేరు రెండుసార్లు, బడి దగ్గర అని రెండుసార్లు. అవతల కుర్చీ జరిగిన చప్పుడు వినిపించింది. బోట్లు అప్పటికే పడమరకి తిరిగాయట, రేవు దాటకముందే ఎవరో ఒడ్డున పరిగెత్తి కేకలేసి ఆపారట. అవి మా దగ్గరికి వచ్చేసరికి నీళ్ళు బడి రెండో మెట్టు మీదున్నాయి. ముందు పిల్లలూ ముసలివాళ్ళూ, తరవాత అందరూ. పోలయ్య తల్లి మేకపిల్లని వదలనని మొండికేస్తే, ఇద్దరినీ కలిపి ఎత్తి బోటులో పడేశారు. సెట్టు విప్పి ఒళ్ళో పెట్టుకున్నాను. బండి బడి పక్కనే ఉండిపోయింది. మేం అవనిగడ్డ చేరాక పోటు వచ్చింది. ఆ బడి అరుగు మీద ఎంత ఎత్తున నీళ్ళు నిలిచాయో తరవాత గోడ మీద మట్టి గీత చూస్తే తెలిసింది. నా తల పైన ఉంది ఆ గీత.

నీళ్ళు తీశాక బండిని లారీ మీద వేసుకొచ్చారు. నాన్న ఇంజను నుంచి వెనక లైటు దాకా వైరింగు మొత్తం కొత్తగా వేసిచ్చాడు. పోలయ్య తన కూతురి పేరు మళ్ళీ రాయించాడు, ఈసారి పువ్వులు ఇంకా పెద్దవి. రాసే ఆయనకి నాన్న పక్కన నిలబడి, ఆ మూల నాలుగు వేళ్ళ వెడల్పు వదిలెయ్యమని చెప్పడం నాకు గుర్తుంది. ఇంట్లో ఆ పెయింటు సంగతి ఎవరమూ ఎత్తలేదు. ఆటోనగర్‌లో మాత్రం నాన్నే చెప్పుకునేవాడు, ఎర్త్ గీకకుండా బిగించి లంక జనం ప్రాణాల మీదికి తెచ్చాను, మా అమ్మాయి కనిపెట్టింది అని. కనిపెట్టింది అన్న మాట విన్నప్పుడల్లా నేను వేరే గదిలోకి వెళ్ళిపోయేదాన్ని. పొద్దున చూసి దాచుకున్నదాన్ని మధ్యాహ్నం బయటపెడితే కనిపెట్టడమా అది.

ఇప్పుడా చప్టా మీద వంతెనుంది. గుట్ట మీద తుఫాను షెల్టరుంది. గాలి ఎటు తిరిగిందో ప్రతివాడి ఫోనూ కుయ్యిమని చెబుతుంది. అవన్నీ మంచివే, నాకు పాతకాలం మీద ప్రేమేమీ కారిపోవడం లేదు. కానీ ఇంతకన్నా పెద్ద తేడా నేను క్లాసులో చూశాను. నా చివరి ఏళ్ళలో పిల్లలు లేచి నిలబడి, మేడమ్, మీరు బోర్డు మీద వేసిన సర్క్యూట్ తప్పు అనేవాళ్ళు. మొదట్లో ఒళ్ళు మండేది. పెంపకం లేదనుకునేదాన్ని. తరవాత తరవాత, అలా అన్న పిల్లకి ఇంకో రెండు మార్కులు వేసి పంపాలనిపించేది. మా ఇంటి మర్యాద ఎంతో గొప్పదని పెరిగాను నేను. ఆ మర్యాద కోసం ఒక బడి అరుగు నిండా ఉన్న మనుషుల్ని నీళ్ళకి వదిలేయబోయాను. ఇది నేను ఎవరి దగ్గరా ఒప్పుకోలేదు. నాన్న దగ్గర అసలు ఒప్పుకోలేదు. ఆయన తప్పంతా తనదే అనుకుని పోయాడు, అని నలభై రోజులుగా నా గుండెలో ముల్లు.

నేనిచ్చిన టీ చల్లారిపోయాక, పోలయ్య లేవబోతుంటే ఇక ఆపుకోలేకపోయాను. పోలయ్యగారూ, ఆ రోజు ఆటోనగర్‌లోనే నేను చూశాను, నాన్న గీకలేదని అక్కడే చూశాను, భయపడి చెప్పలేదు, మీ అమ్మగారు ఆ అరుగు మీద ఉన్నారు, అన్నాను. అనేసి మొహం చూడలేక గచ్చు వైపు చూస్తూ కూర్చున్నాను.

"నాకు తెలుసమ్మా," అన్నాడు పోలయ్య. "సాయిబుగారు ఆ రోజే సెప్పారు. అవనిగడ్డలో మనల్ని దింపినాక, టీ గలాసు సేత్తో పట్టుకుని, తాగకుండా, సెప్పారు. 'నేను గీకలేదని అమ్మాయి పొద్దున్నే సూసింది పోలయ్యగారూ, సూసి తల దించుకుంది. తప్పు కళ్ళ ముందున్నా నోరు తెరవలేనంత బయం పెట్టి పెంచాను నేను. పెయింటు తప్పు పోలయ్యగారూ, గీకితే పోయింది. ఇది ఎట్టా పోద్ది' అన్నారు. నీకు తెలిస్తే కుంగిపోతావని, సెప్పొద్దన్నారు."

గేటు దాకా వెళ్ళి ఆయన్ని ఆటో ఎక్కించాను. వెనక్కి వచ్చి అదే గడప మీద కూర్చున్నాను. ఆ తుఫాను తరవాత నాన్నకి ఒక కొత్త అలవాటు వచ్చింది. షెడ్డులో ఏ పని చేసినా, నేను అటు వెళ్తే చాలు, పదిమంది ముందు పిలిచేవాడు. షమీ, ఒకసారి చూడమ్మా, ఎక్కడన్నా తప్పుంటే చెప్పు అనేవాడు. మస్తాన్‌కి ఏమైంది అని ఆటోనగర్ నవ్వుకునేది. షెడ్డు మూసేసి ఇంట్లో కూర్చున్నాక కూడా మానలేదు. మిక్సీ ప్లగ్గు మార్చినా, నా స్కూటర్ హారన్ సరిచేసినా, పిలిచి పక్కన నిలబడి ఎదురుచూసేవాడు. చూపు మందగించింది, పెద్దతనం, ధైర్యం చాలడం లేదు అనుకున్నాను. పరీక్ష పేపర్లు దిద్దుకుంటూ, కూర తరుగుతూ, నువ్వు చేశాక తప్పేముంటుంది అబ్బా అనేదాన్ని. పోయిన రంజాన్‌కి ఈ వరండాలో బల్బు హోల్డరు మార్చి, స్టూలు దిగి, చూడమ్మా అన్నాడు. బానే ఉంది అబ్బా అన్నాను, తలెత్తి చూడకుండానే.